ఫోన్ కవర్లపై ముద్రణకు చిన్న హీట్ ప్రెస్: ఆరు నెలల వాడకం తర్వాత

ఫోన్ బ్యాక్ కవర్లపై సొంత డిజైన్లు ముద్రించడానికి ఆరు నెలల క్రితం ఒక చిన్న హీట్ ప్రెస్, అంటే వేడితో నొక్కి బొమ్మను అద్దే యంత్రం, తీసుకున్నాను. పుస్తకంలా ఒక వైపు కీలు ఉండి, పిడి పట్టుకుని ఎత్తితే తెరుచుకునే రకం అది. వేడెక్కే పలక 38 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉంటుంది. వేడినీ సమయాన్నీ అమర్చుకోవడానికి పైభాగంలో అంకెలు చూపే చిన్న తెర ఉంటుంది. ఈ ఆరు నెలల్లో దీని మీద రెండు వందలకు పైగా కవర్లు చేశాను. వాటిలో పాడైనవీ తక్కువేమీ కాదు. బొమ్మ ముద్రించి కవరు వెనుక అతికించే అల్యూమినియం రేకు పాడైన ప్రతిసారీ దాని వెనుక ఎంత వేడి పెట్టాను, ఎన్ని సెకన్లు ఉంచాను, పలక మీద ఏ మూలన పెట్టాను అన్న వివరాలు రాసి దాచుకున్నాను. ఈ సమీక్షలో ఉన్నది చాలావరకు ఆ రేకుల వెనుక రాసుకున్నదే.

కవరు వెనుక అతికించే అల్యూమినియం రేకు మీద ముద్రించడానికి ఈ యంత్రం నమ్మదగినదని నా అభిప్రాయం. అయితే పెట్టెలోంచి తీసిన రోజునే తెర మీది అంకెను నమ్మి పని మొదలుపెడితే మొదటి పది రేకులు వృథా కావడం ఖాయం. అంచుల దాకా, పక్కల మీద కూడా బొమ్మ రావాలనుకునేవారికి ఇది అసలు పనికిరాదు, వారికి వేరే యంత్రం కావాలి.

ఈ ముద్రణ పద్ధతిని సబ్లిమేషన్ అంటారు. కర్పూరం ద్రవంగా మారకుండానే ఆవిరైపోయినట్టు, ముందుగా కాగితం మీద ముద్రించి రేకు మీద బోర్లించిన రంగు సుమారు 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడి దగ్గర ఆవిరిగా మారుతుంది. అదే వేడికి రేకు మీది పాలియెస్టర్ పూత మెత్తబడి ఆ ఆవిరిని లోపలికి తీసుకుంటుంది, చల్లారగానే రంగు ఆ పూతలో చిక్కుకుపోతుంది. 1957లో ఫ్రాన్స్‌లో నోయెల్ డి ప్లాస్ ఈ పద్ధతిని కనుగొన్నది బట్టల మీద రంగులు అద్దే పరిశ్రమ కోసం. పాలియెస్టర్ దారానికి ఏ పూతా అవసరం లేకుండానే ఆ రంగు పట్టేది. లోహానికి, గాజుకు, మామూలు ప్లాస్టిక్‌కు ఆ గుణం లేదు కాబట్టే ఫోన్ కవర్ల రేకుకు పాలియెస్టర్ పూతను విడిగా వేయవలసి వస్తుంది. ఈ సంగతి అర్థమైతే, యంత్రం ఎంత మంచిదైనా పూత సరిగ్గా లేని రేకు మీద బొమ్మ ఎందుకు నిలవదో కూడా అర్థమవుతుంది.

దీన్ని పరీక్షించడానికి ముగ్గురు అమ్మకందారుల దగ్గర తీసుకున్న రేకులను పక్కపక్కనే పెట్టి, ఒకే బొమ్మను, ఒకే వేడితో, ఒకేసారి నొక్కాను. ఒకదాని మీద రంగులు నిండుగా వచ్చాయి. రెండోదాని మీద తెలుపు ఉండవలసిన చోటంతా పాలమీగడ రంగులోకి తిరిగింది. మూడోదాని మీద బొమ్మ బాగానే కనిపించింది గానీ, గోటితో గట్టిగా గీస్తే పూత పొరలుగా లేచి వచ్చింది. మూడింటికీ యంత్రం ఒకటే, కాగితం ఒకటే, సిరా ఒకటే. అందువల్ల ఈ పనికి దిగేవారు యంత్రాన్ని ఎంచుకోవడానికి వెచ్చించే శ్రద్ధలో సగమైనా ఖాళీ కవర్లను ఎంచుకోవడానికి వెచ్చించాలి. కొత్త చోట తీసుకునేటప్పుడు ముందు రెండు మూడు రేకులే తెప్పించుకుని, ఏ బొమ్మా లేని తెల్ల కాగితంతో నొక్కి చూస్తే పూత పసుపెక్కుతుందో లేదో తేలిపోతుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. ఈ సిరాల్లో తెల్ల రంగు ఉండదు. బొమ్మలో తెల్లగా కనిపించేదంతా రేకు ఉపరితలపు తెలుపే. నల్లటి కవరు మీద నేరుగా పసుపు పువ్వు ముద్రించి ఇమ్మని అడిగేవారికి ఇది ఓపికగా వివరించవలసి ఉంటుంది.

ఇక యంత్రం సంగతి. తెర మీద 190 అని కనిపించినప్పుడు పలకంతా 190 డిగ్రీలు ఉంటుందని నేను మొదట అనుకున్నాను. వేడిని పసిగట్టే పరికరం పలకలో ఒకే చోట ఉంటుంది, తెర చూపేది ఆ ఒక్క చోటి వేడినే. దూరం నుంచి వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో తొమ్మిది చోట్ల కొలిచినప్పుడు నడిమధ్యన 188, కీలు వైపు 184, ముందు మూలల్లో 174 డిగ్రీలు చూపింది. మెరిసే లోహం మీద ఆ థర్మామీటరు అసలు వేడికన్నా తక్కువ చూపుతుంది. నా యంత్రం పలకకు ముదురు రంగు టెఫ్లాన్ పూత ఉంది కాబట్టి ఆ కొలతను నమ్మాను. అయినా రూఢి చేసుకోవడానికి, ఒక నిర్ణీత వేడి దాటగానే రంగు మారే అంటుడు పట్టీలను కూడా మూలల్లో పెట్టి చూశాను. తేడా నిజమేనని తేలింది. మొదటి వారంలో నేను చేసిన కవర్లలో సగానికి ఒక వైపు రంగు వెలసినట్టు ఎందుకు వచ్చిందో ఆ రోజుగానీ తెలియలేదు.

వేడి చేయడం మొదలుపెట్టిన ఏడెనిమిది నిమిషాలకు తెర మీది అంకె 190కి చేరుతుంది, యంత్రం చప్పుడు చేసి సిద్ధమని చెబుతుంది. కానీ అప్పటికి పలక అంచులు ఇంకా పూర్తిగా వేడెక్కవు. యంత్రాన్ని మూసి మరో పది నిమిషాలు వదిలేస్తే మూలలకూ మధ్యకూ మధ్య తేడా దాదాపు సగానికి తగ్గింది. ఈ పది నిమిషాల ఎదురుచూపు గురించి యంత్రంతో వచ్చిన చిన్న పుస్తకంలో ఒక్క మాట కూడా లేదు. ఈ యంత్రం గురించి నాకున్న ఫిర్యాదుల్లో అన్నిటికన్నా పెద్దది ఇదే, ఎందుకంటే ఆ ఒక్క వాక్యం ఉంటే కొత్తవారికి ఎంతో సామగ్రి మిగిలేది. అంత పెద్ద పలక మీద ఒకేసారి ఎనిమిది రేకులు పరచవచ్చు. నేను మాత్రం మధ్యలో నాలుగే పెడతాను. ఎనిమిది పెట్టి రెండు పారేయడం కన్నా నాలుగు పెట్టి నాలుగూ బాగా తీయడం మేలు.

ఒత్తిడి విషయం వేడికన్నా సున్నితమైనది. కీలు ఒక వైపే ఉండే యంత్రాల్లో వెనుక భాగం ముందుగా తగులుతుంది, ముందు భాగం చివరగా తగులుతుంది. పలుచని రేకు విషయంలో ఈ తేడా పెద్దగా కనిపించదు గానీ, ఒత్తిడి మరను ఎక్కువ బిగిస్తే వెనుక ఉన్న రేకులు గట్టిగా నలిగి, ముందున్నవి వదులుగా ఉంటాయి. పిడి కిందికి దించేటప్పుడు చేతికి ఓ మోస్తరు బరువు తెలియాలి, రెండు చేతులతో మీద పడి నొక్కవలసి రాకూడదు. నేను పాటించే కొలత అంతే. యంత్రం కింది భాగంలో ఉండే సిలికాన్ మెత్త గురించి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. అన్ని రేకులనూ అలవాటుగా ఒకే చోట పెడుతూ పోయాను. మూడో నెలకల్లా ఆ మెత్త మీద ఫోన్ ఆకారంలో, కెమెరా రంధ్రంతో సహా, పల్లం పడింది. ఆ తర్వాత వేరే ఫోన్ మోడల్ రేకు పెడితే ఆ పల్లం ఉన్న మేర రంగు మందంగా పట్టడం మానేసింది. కారణం తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఇప్పుడు మెత్తను ప్రతి వారం పావు వంతు తిప్పుతాను, దాని మీద మరొక పలుచని సిలికాన్ పొర వేసి రేకులను దాని మీదే పెడతాను. పైపొర అరిగితే మార్చుకోవచ్చు, యంత్రాన్ని విప్పవలసిన పని ఉండదు.

సమయాన్ని తేల్చుకోవడానికి ఒకే బొమ్మను 190 డిగ్రీల దగ్గర 40, 60, 90 సెకన్ల పాటు నొక్కి చూశాను. నలభై సెకన్లకు నలుపు బూడిద రంగులో ఆగిపోయింది, ఎరుపు పలచగా ఉంది. అరవై సెకన్లకు నలుపు నలుపుగా, నీలం నీలంగా వచ్చాయి. తొంభై సెకన్లకు నలుపు గోధుమ రంగు వైపు తిరిగింది, సన్నని అక్షరాల అంచులు పాకినట్టు మసకబారాయి, తెలుపు కూడా కొంచెం పసుపెక్కింది. నా రేకులకు అరవై సెకన్లు సరిపోయింది. పూత మారితే ఈ లెక్క కూడా మారుతుంది కాబట్టి దీన్ని సూత్రంగా కాక మొదలుపెట్టే చోటుగా మాత్రమే తీసుకోవాలి. సమయం ముగిసి యంత్రం మోగగానే పిడిని విసురుగా ఎత్తకూడదు. అలా ఎత్తితే లేచే గాలికి కాగితం కొద్దిగా జరుగుతుంది. రేకు ఇంకా వేడిగానే ఉంటుంది కనుక ఆ జరిగిన చోట మరో నీడలాంటి బొమ్మ పడుతుంది. ముఖచిత్రాల విషయంలో ఈ నీడ ఘోరంగా ఉంటుంది, మనిషికి రెండేసి కనుబొమలు వస్తాయి. వేడికి తట్టుకునే టేపుతో కాగితాన్ని రెండు వైపులా రేకుకు బిగించి, పిడిని నిదానంగా ఎత్తి, కాగితాన్ని వేడి తగ్గకముందే ఒక్క లాగులో తీయడం అలవాటు చేసుకున్నాక ఈ బెడద పూర్తిగా పోయింది.

చేతిపనిలో జరిగే పొరపాట్లు యంత్రం తప్పులు కావు గానీ, వాటిని యంత్రం మీదికి నెట్టేవారు ఎక్కువ కాబట్టి రెండు మూడు ప్రస్తావిస్తాను. రేకు మీద గీతలు పడకుండా ఒక పారదర్శకమైన పొర అంటించి ఉంటుంది. దాన్ని తీయకుండా నొక్కితే ఆ పొర కరిగి బొమ్మతో పాటు రేకునూ పాడుచేస్తుంది. చాలా పలుచగా ఉండడం వల్ల అది ఉందన్న సంగతే తెలియదు. అందుకే ప్రతి రేకు మూలనూ గోటితో గీకి చూడాలి. ముద్రణ కాగితం గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నొక్కినప్పుడు ఆ తేమ ఆవిరై బొమ్మలో మచ్చలు, చారలు తెస్తుంది. వానాకాలంలో నేను కాగితాలను గట్టి మూత ఉన్న డబ్బాలో ఉంచి, వాడే ముందు తెరిచిన పలక కింద కొన్ని సెకన్లు ఆరనిచ్చాను, మచ్చలు ఆగిపోయాయి. బట్టల నుంచి రాలిన చిన్న నూలుపోగు కూడా ఆ వేడికి రేకు మీద నీలి చుక్కగా అచ్చుపడిపోతుంది, దాన్ని తుడిచే మార్గం లేదు.

డిజైన్ తయారీలో ముఖ్యమైనది కెమెరా రంధ్రం. ఇప్పటి చాలా ఫోన్లలో వెనుక భాగపు పై మూలలో పెద్ద చతురస్రం మేర రేకే ఉండదు. పిల్లవాడి ముఖం ఆ మూలకు వచ్చేలా ఫొటో అమర్చితే నుదురు పోతుంది. అందువల్ల ఆయా మోడల్ కొలతల నమూనా మీద ఫొటోను పెట్టి, అంచులకు అవతల 3 మిల్లీమీటర్ల మేర బొమ్మను పొడిగించి, అద్దంలో కనిపించేట్టు తిప్పి ముద్రించాలి. తిప్పడం మరిచిపోతే పేర్లన్నీ కుడి నుంచి ఎడమకు చదవవలసి వస్తుంది. ఫోన్‌లో పంపిన చిన్న ఫొటోను సాగదీస్తే మసకబారుతుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఉన్న ఫొటో అడిగి తీసుకోవడం ఉత్తమం.

ప్రింటరు విషయం క్లుప్తంగా చెబుతాను. ఈ సిరాకు, సిరాను వేడి చేయకుండానే ఒత్తిడితో చిమ్మే పీజో హెడ్ ఉన్న ఇంక్‌జెట్ ప్రింటరు కావాలి, ఎప్సన్ ప్రింటర్లలో ఉండేది అదే. సిరాను వేడి చేసి చిమ్మే రకం ప్రింటర్లు ఈ పనికి పనికిరావు, ఎందుకంటే వేడి తగిలితే మారే గుణం ఉన్న రంగును హెడ్‌లోనే వేడి చేసినట్టవుతుంది. కాగితం మీద రంగులు వెలసినట్టు కనిపిస్తే కంగారు పడకూడదు, అవి నొక్కిన తర్వాతే తేరుకుంటాయి. ఆ సిరాకూ కాగితానికీ తగ్గట్టు రంగులను సరిచేసే ఫైలు, అంటే రంగుల ప్రొఫైల్‌ను కంప్యూటరులో పెట్టుకోని రోజుల్లో నేను చేసిన ముఖచిత్రాలన్నీ ఎర్రగా కందినట్టు వచ్చాయి. ప్రొఫైల్ పెట్టాక అదే ఫొటోలో చర్మం రంగు సహజంగా వచ్చింది.

పక్కల మీదికి కూడా బొమ్మ తిరిగే కవర్లను ఈ సమతల యంత్రం ఎందుకు చేయలేదన్న ప్రశ్న నాకు తరచుగా ఎదురవుతుంది. ఆ కవర్లు పాలికార్బొనేట్ ప్లాస్టిక్‌తో తయారై, లోహపు రేకు లేకుండా నేరుగా పూత వేసి ఉంటాయి. పాలికార్బొనేట్ సుమారు 147 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలుపెడుతుంది, రంగు ఆవిరి కావడానికేమో 180 దాటాలి. అందుకని కవరు లోపల దాని ఆకారానికి సరిపోయే లోహపు అచ్చు దూర్చి, సిలికాన్ పొర కింద గాలిని తీసేసే వాక్యూమ్ యంత్రంలో ఉంచుతారు. గాలి తీసేయగానే బయటి వాతావరణ పీడనమే ఆ పొరను, కాగితాన్ని కవరు వంపులన్నిటికీ హత్తుకునేలా నొక్కుతుంది. తెలిసినవారి దగ్గర ఆ యంత్రం మీద నాలుగు కవర్లు చేసి చూశాను. ఒక్కొక్కదానికి ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు పట్టింది, తీసిన తర్వాత అచ్చు మీద ఉండగానే చల్లార్చవలసి వచ్చింది. తొందరపడి వేడిగా తీసిన ఒక కవరు ముడుచుకుపోయి ఫోన్‌కు పట్టలేదు. ఫలితం మాత్రం అందంగా ఉంది, అంచుల దాకా రంగు తిరిగింది. కానీ ప్రతి ఫోన్ మోడల్‌కూ వేరే అచ్చు కొనవలసి ఉంటుంది, కొత్త మోడళ్లు వస్తున్న కొద్దీ ఆ ఖర్చు ఆగదు. నా రేకుల పద్ధతిలో రేకు అతికే కవరు, అంటే మెత్తని రబ్బరు చట్రం, వేడిలోకి వెళ్లనే వెళ్లదు. రేకును మాత్రమే నొక్కి, చల్లారాక చట్రంలో అంటించడమే కాబట్టి అచ్చుల అవసరం లేదు. ఇంట్లో లేక చిన్న దుకాణంలో మొదలుపెట్టేవారికి అందువల్లనే సమతల యంత్రం సరైనదని భావిస్తున్నాను.

మన్నిక విషయంలో నాకు పూర్తి తృప్తి ఉంది. మొదటి వారంలో చేసిన కవరునే నా ఫోన్‌కు వేసుకున్నాను. రోజూ జేబులోకి, బల్ల మీదికి, బండి హ్యాండిల్ దగ్గర అమర్చే పట్టీలోకి తిరిగిన ఆ కవరు మీద తాళంచెవుల గీతలు రెండు ఉన్నాయి గానీ బొమ్మ ఎక్కడా లేచిపోలేదు. రంగు పూత లోపల ఉంది కాబట్టి, పూత చెక్కుకుపోయేంత లోతుగా గీస్తే తప్ప బొమ్మ పోదు. అదే సమయంలో మరొకరు చేయించుకున్న కవరు మీద యూవీ పద్ధతిలో, అంటే సిరాను అతినీలలోహిత కాంతితో గట్టిపరిచే పద్ధతిలో, ముద్రించారు. ఆ పద్ధతిలో సిరా పైన పొరలా నిలుస్తుంది, చేతికి గరుకుగా తగులుతుంది, నాలుగో నెలకు మూలల్లో పెచ్చులు లేచాయి. నల్లటి కవరు మీద లేత రంగులు కావాలంటే మాత్రం తెల్ల సిరా ఉన్న ఆ యూవీ పద్ధతే దారి. ఎండలో మాత్రం జాగ్రత్త అవసరం. కారు అద్దం దగ్గర అమర్చిన ఫోన్ కవరు, మరొకటి సంచిలోనే ఉండే కవరు పక్కపక్కన పెట్టి చూస్తే మొదటిదానిలో ఎరుపు కాస్త తగ్గినట్టు కనిపించింది.

యంత్రం తయారీలో నచ్చనివి ఇంకో రెండు ఉన్నాయి. తెరిచినప్పుడు వేడి పలక చేతి వైపే వంగి ఉంటుంది. రేకులు సర్దేటప్పుడు మణికట్టు పైభాగం ఆ పలకకు తగిలి నాకు రెండుసార్లు కాలింది. పై పలక పక్కకు తిరిగిపోయే రకం యంత్రంలో ఈ ప్రమాదం తక్కువ, కాకపోతే దానికి బల్ల మీద ఎక్కువ చోటు కావాలి. పొడవాటి తొడుగులు వేసుకున్నాక నాకు ఇబ్బంది లేదు. పిల్లలు తిరిగే చోట మాత్రం ఈ రకం యంత్రాన్ని పెట్టమని ఎవరికీ చెప్పను. ఇక కరెంటు తీగ మరీ పొట్టిగా ఉంది. ఒకటిన్నర కిలోవాట్ల దాకా లాగే యంత్రాన్ని సన్నని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలిస్తే తీగ వేడెక్కుతుంది. నేను గోడ సాకెట్ పక్కకే బల్లను జరుపుకున్నాను.

చివరగా, నేను ఆలస్యంగా తెలుసుకున్న ఒక సంగతి చెప్పాలి. ఒక స్నేహితురాలికి ఆమె తల్లిదండ్రుల ఫొటోతో చేసి ఇచ్చిన కవరు మర్నాడే తిరిగి వచ్చింది. ఫొటో ఎంతో బాగుందని, కానీ తీగ లేకుండా ఛార్జ్ చేసే పలక మీద ఫోన్ పెడితే ఛార్జ్ ఎక్కడం లేదని ఆమె చెప్పింది. తప్పు ఫోన్‌ది కాదు, ఛార్జరుది కూడా కాదు. ఆ ఛార్జర్లు అయస్కాంత క్షేత్రం ద్వారా శక్తిని పంపుతాయి. మధ్యలో అల్యూమినియం రేకు ఉంటే ఆ క్షేత్రం రేకులోనే విద్యుత్తును పుట్టించి దాన్ని వేడెక్కిస్తుంది, అడ్డుగా లోహం ఉందని గ్రహించిన ఛార్జరు పని ఆపేస్తుంది. ఫోన్‌ను తాకించి డబ్బు చెల్లించే ఎన్‌ఎఫ్‌సీ సదుపాయానికి కూడా ఇదే అడ్డంకి. ఆ కవరును పాలియెస్టర్ పూత ఉన్న గాజు పలకతో మళ్లీ చేసి ఇచ్చాను. గాజు వేడెక్కడానికి ఎక్కువసేపు పట్టింది కాబట్టి సమయం పెంచవలసి వచ్చింది, చల్లటి బల్ల మీద పెట్టకుండా బట్ట మీద నిదానంగా చల్లార్చవలసి వచ్చింది, అయినా ఈ యంత్రం మీదనే అది చక్కగా వచ్చింది. అప్పటి నుంచి కవరు అడిగిన ప్రతి ఒక్కరినీ ఫొటో కన్నా ముందు, ఫోన్‌ను ఎలా ఛార్జ్ చేసుకుంటారని అడుగుతున్నాను.